పక్కటెముకల సందున

బైపాస్ అయినవాళ్ల గురించి చెప్పేటప్పుడు మదనపల్లె, పుంగనూరు వైపు మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది. గొంతు గుంట దగ్గర వేలు ఆనించి రొమ్ము మధ్యగా కిందికి ఒక గీత గీస్తారు. "ఇట్ట నిలువునా కోసినారన్నా" అంటారు. ఎన్ని బ్లాకులు, ఎవరు చేశారు, ఎంతయింది అన్నవన్నీ ఆ తరువాతి సంగతులు.

ఆ గీత కింద ఉన్నది రొమ్ము ఎముక. మామూలు బైపాస్‌లో దాన్ని చిన్న కరెంటు రంపంతో పైనుంచి కిందిదాకా రెండుగా చీలుస్తారు. స్టీలు పట్టుకారుతో రెండు చెక్కలనూ ఎడంగా జరిపి, గుండె మీద పని ముగించాక, స్టీలు తీగలతో మళ్లీ బిగించి కడతారు. గుండె మీద వేసిన కుట్టు ఆ గంట నుంచే రక్తం మోస్తుంది. మనిషిని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టేది ఎముక. అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడడానికి మూడు నెలలు పడుతుంది. దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకుని దగ్గాలి. వెల్లకిలానే పడుకోవాలి. మంచం మీంచి లేచేటప్పుడు చేతులు ఊనకూడదు. నాలుగైదు కిలోలకు మించి బరువెత్తకూడదు, బైకు ముట్టకూడదు. మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా క్రేటు పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. నాటిన టమాటా కాపు ముగిసేది దరిదాపు మూడు నాలుగు నెలల్లోనే. అంటే ఆపరేషన్ అయిన రైతుకు ఒక పంట ఎగిరిపోయినట్టే. తూకం వేసేవాడికీ, హమాలీకీ, ఆటో నడిపేవాడికీ అదే లెక్క.

రోబో సాయంతో చేసే బైపాస్ ఉద్దేశమంతా ఈ ఎముకను ముట్టకుండా ఉండడమే. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, బెంగళూరు రోడ్డు మీద హోర్డింగులు చూసినవాళ్లు రోబో అనగానే మరమనిషి వచ్చి డాక్టరుకంటే బాగా కుట్టేస్తాడనుకుంటారు. మరమనిషి ఎవడూ లేడు. ఆ యంత్రం తనంతట తాను ఒక్క కుట్టు వెయ్యదు, ఒక్క నరం కొయ్యదు. డాక్టరు వేళ్లు ఆగితే అదీ ఆగుతుంది.

అసలు బైపాస్ ఎందుకు? గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. తన గదుల్లోంచి అంత రక్తం పారుతున్నా గుండె కండరం దాన్ని నేరుగా తీసుకోలేదు. దానికి చేరాల్సిన రక్తం బృహద్ధమని మొదట్లోనే చీలిన రెండు సన్నటి ధమనుల్లోంచి రావాలి. వాటిలో ఎడమదాని కొమ్మ ఒకటి గుండె ముందు వైపు కిందికి దిగుతుంది. డాక్టర్లు ఎల్‌ఏడీ అనేది దీన్నే. ఎడమ జఠరికలో పెద్ద భాగాన్ని పోషించేది ఇదే కాబట్టి దీనికి అడ్డం పడితే ముప్పు ఎక్కువ. మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్లున్నా, సర్జన్ కుట్టు వేసే చోటికి వచ్చేసరికి దీని వెడల్పు రెండు మిల్లీమీటర్లు, షుగర్ ఉన్నవాళ్లలో ఒక్కోసారి ఒకటిన్నర.

ఒకటో రెండో చోట్ల అడ్డం ఉంటే ధమనిని లోపలినుంచి తెరిచి ఉంచే స్టెంటు సరిపోవచ్చు. షుగరుండి మూడు ధమనులూ పాడైనప్పుడు లెక్క మారుతుంది. 2012లో వెలువడిన ఫ్రీడమ్ అనే పెద్ద పరిశోధన ఇలాంటి 1900 మందిని రెండు గుంపులు చేసి చూసింది. అయిదేళ్లలో మరణమో, గుండెపోటో, పక్షవాతమో వచ్చినవాళ్లు స్టెంటు గుంపులో నూటికి 26.6 మంది, బైపాస్ గుంపులో 18.7. "స్టెంటుతో పోయేదానికి బైపాస్ అంటున్నారు" అని చికాకుపడే కుటుంబాలకు ఈ రెండు అంకెలూ ఎవరైనా కూర్చోబెట్టి చెబితే బాగుంటుంది.

బైపాస్‌కు కావలసిన కొత్త నాళం మన ఒంట్లోంచే తీస్తారు. కాలి సిర తియ్యొచ్చు, ముంజేతి ధమని తియ్యొచ్చు. అన్నింటికంటే మేలైనది రొమ్ము లోపలి గోడకు అంటిపెట్టుకుని, ఎముక అంచుకు వేలెడు దూరంలో కిందికి దిగే ఎడమ క్షీర ధమని. ఆపరేషన్ గదిలో దాన్ని లిమా అంటారు. ఈ ధమని ఒక వింత. పక్కనే గుండె ధమనులు కొవ్వు పేరుకుని పూడిపోతున్నా ఇది చాలామందిలో డెబ్భై ఏళ్లు దాటినా శుభ్రంగా ఉంటుంది. దీని లోపొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ధారాళంగా వదులుతూ నాళాన్ని సడలించి ఉంచుతుంది, రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. అమెరికాలో క్లీవ్‌లండ్ క్లినిక్ వైద్యులు 1986లో పదేళ్ల లెక్కలు బయటపెట్టారు. ఎల్‌ఏడీకి లిమాను కలిపినవాళ్లు, కాలి సిరను మాత్రమే కలిపినవాళ్లకంటే ఎక్కువ కాలం బతికారు. పదేళ్ల తరువాత లిమాలు పదింట తొమ్మిదికి పైగా తెరుచుకునే ఉంటాయి. కాలి సిరల్లో ఆ పాటికి సగం దాకా మూసుకుపోతాయి. పైగా లిమాను రెండు వైపులా తెంపనక్కర్లేదు. పై కొస భుజం కింది పెద్ద ధమనికి అంటుకునే ఉంటుంది, కింది కొసను తెంపి గుండె మీదికి మళ్లిస్తే చాలు.

చిక్కల్లా దాన్ని గోడ నుంచి విడదీయడంలో ఉంది. పదిహేను, ఇరవై సెంటీమీటర్ల పొడవునా, పక్కలకు పోయే చిన్న కొమ్మలను ఒక్కొక్కటే క్లిప్పు పెట్టి కోస్తూ, తల్లి ధమనికి గీత పడకుండా తియ్యాలి. అది ఉండేది ఎముక వెనక. అందుకని ఎముక చీల్చి, ఒక చెక్కను పైకెత్తి, కిందినుంచి చూస్తూ తీసేవారు. పక్కటెముకల సందులోంచి వెళ్లి, లోపలినుంచే గోడకేసి చూస్తూ తియ్యగలిగితే ఎముక చీల్చే పనే లేదు. రోబో చేతులు పనికొచ్చింది ముఖ్యంగా ఇక్కడే.

పక్కటెముకల సందు దారి కొత్తదేమీ కాదు. లెనిన్‌గ్రాద్‌లో 1964 ఫిబ్రవరి 25న వసీలీ కొలెసొవ్ అనే సర్జన్ ఎడమ పక్కనుంచే రొమ్ము తెరిచి, కొట్టుకుంటున్న గుండె మీదే, ఏ యంత్రం సాయమూ లేకుండా క్షీర ధమనిని గుండె ధమనికి కుట్టాడు. సొంత దేశంలోనే ఆయన్ను పెద్దగా పట్టించుకోలేదు. మూడేళ్ల తరువాత, 1967 మేలో, క్లీవ్‌లండ్‌లో రెనే ఫవలోరో కాలి సిరతో చేసిన ఆపరేషన్ ప్రపంచమంతా పాకింది. ఫవలోరో అంతకుముందు అర్జెంటీనాలో హసింతో అరౌస్ అనే మారుమూల పల్లెలో పన్నెండేళ్లు ఊరి డాక్టరుగా ఉన్నవాడు. కాన్పులు చేస్తూ, విరిగిన ఎముకలు కడుతూ గడిపినవాడు. జనం మెచ్చిన దారి మాత్రం రొమ్ము మధ్యది. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తానే చేసే హార్ట్-లంగ్ యంత్రాన్ని మనిషి మీద విజయవంతంగా వాడి చూపాక, గుండెను ఆపి నింపాదిగా కుట్టే వీలు దొరికింది. మధ్యనుంచి తెరిస్తే గుండె ముందూ వెనకా అన్నీ అందుతాయి. గ్రాఫ్టులనే ఈ కొత్త నాళాలు అయిదైనా ఒకే గాయంలోంచి పెట్టొచ్చు. మన దేశంలో తొలి బైపాస్ 1975లో పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో కె.ఎం. చెరియన్ చేశారు. కుప్పంలో మద్రాసు రైలెక్కినవాళ్లు సెంట్రల్ చేరే ముందు దాటేది ఆ పెరంబూరునే.

ఇక్కడ మదనపల్లె ప్రస్తావన రావాలి. రొమ్మును పెద్దగా కోయకుండా చిన్న కంతలోంచి లోపలికి చూడడం అన్న పని పుట్టింది గుండె కోసం కాదు, క్షయ కోసం. మదనపల్లెకు కాస్త ఎడంగా ఉన్న ఆరోగ్యవరంలో వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ దాని తొలి పెద్ద డాక్టరు. పొడి గాలి, ఎత్తైన నేల చూసి ఎంచుకున్న చోటు. మందులు లేని కాలం అది. స్ట్రెప్టోమైసిన్ 1943 దాకా పుట్టలేదు. అప్పట్లో శానిటోరియంలలో డాక్టర్ల చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఊపిరితిత్తిని పడుకోబెట్టడం. పక్కటెముకల మధ్య సూది గుచ్చి, ఊపిరితిత్తికీ రొమ్ము గోడకూ నడుమ గాలి ఎక్కిస్తే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. కదలిక లేని చోట పుండు మానే అవకాశం ఎక్కువని నమ్మకం. ఎక్కించిన గాలిని ఒళ్లు పీల్చేసుకుంటుంది కాబట్టి వారానికో, రెండు వారాలకో మళ్లీ ఎక్కించాలి. రెండు మూడేళ్లు అలా సాగేది.

కొందరిలో ఊపిరితిత్తి ముడుచుకునేది కాదు. క్షయ వల్ల అది రొమ్ము గోడకు తంతువులతో అతుక్కుపోయి ఉండేది. స్వీడన్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ యాకొబేయస్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. 1910లో ఆయన మూత్రాశయం చూసే గొట్టపు అద్దాన్ని పక్కటెముకల సందులోంచి దూర్చి లోపలికి చూశాడు. తరువాతి ఏళ్లలో రెండో కంత పెట్టి, అందులోంచి వేడి తీగ పంపి, అతుకులను కాల్చి తెంపాడు. ఒక కంతలో కన్ను, ఇంకో కంతలో చెయ్యి. మందులొచ్చాక ఆ వైద్యం మూలపడింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన మందులుంటే రోగి ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని తేల్చాక శానిటోరియంల అవసరమే తగ్గిపోయింది. రోబో బైపాస్ గదిలోకి వెళ్లి చూస్తే ఆ రెండు పాత పనులూ, ఊపిరితిత్తిని ముడిచి పెట్టడమూ, కంతలోంచి కన్నూ చెయ్యీ పంపడమూ, అచ్చంగా అక్కడే కనబడతాయి.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ పక్కను కాస్త పైకి లేపి పెడతారు. మత్తు డాక్టరు గొంతులోకి దింపే గొట్టానికి రెండు దారులుంటాయి, ఒకటి కుడి ఊపిరితిత్తికి, ఒకటి ఎడమకు. ఎడమ దారి మూసేస్తారు. ఇక శ్వాస అంతా కుడి పక్కనే. ఎడమ ఊపిరితిత్తి మెల్లగా వాడిపోయి పక్కకు ఒరుగుతుంది. ఆ పక్కన పక్కటెముకల మధ్య మూడు కంతలు, ఒక్కోటీ సెంటీమీటరు లోపే. వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఎనిమిది, పది మిల్లీమీటర్ల పాదరసమంత తక్కువ ఒత్తిడితో పంపుతారు. రొమ్ము ఎముకకూ గుండెకూ మధ్య కాస్త చోటు తెరుచుకుంటుంది. ఆ ఒత్తిడి ఎక్కువైతే గుండె నొక్కుకుపోయి బీపీ పడిపోతుంది. అందుకే మత్తు డాక్టరు చూపు మానిటరు మీదినుంచి కదలదు, ఆయన "తగ్గించండి" అంటే సర్జన్ సహా అందరూ ఆగాల్సిందే.

నడుమ కంతలోంచి రెండు కళ్ల కెమెరా, అటూ ఇటూ రెండు పరికరాలు. ఇవి యంత్రం చేతులకు బిగించి ఉంటాయి. సర్జన్ అదే గదిలో కొంచెం దూరంగా, చెప్పులు విప్పి, కన్సోల్ ముందు కూర్చుంటాడు. నుదురు ఆనించి లోపలికి చూస్తే పది రెట్లు పెద్దదిగా, లోతు తెలిసేలా రొమ్ము లోపలి గోడ కనబడుతుంది. పలుచని పొర కింద లిమా కొట్టుకుంటూ ఉంటుంది, దానికి అటూ ఇటూ నీలంగా సిరలు. బొటనవేలూ చూపుడువేలూ ఉంగరాల్లో దూర్చి కదిపితే లోపల చిటికెన గోరంత కొసలు అలాగే కదులుతాయి. వేళ్లు మూడు సెంటీమీటర్లు జరిగితే కొస ఒక సెంటీమీటరే జరిగేలా అమర్చుకోవచ్చు. చేతి వణుకును యంత్రం వడగట్టేస్తుంది.

మామూలు కీహోల్ పరికరాలతో ఈ పని ఎందుకు కష్టమో తెలిస్తే రోబో విలువ తెలుస్తుంది. కంతలోంచి దూర్చిన పొడుగాటి కడ్డీ ఏతం మాను లాంటిది, ఈ కొస పైకెత్తితే ఆ కొస దిగుతుంది, కుడికి తోస్తే ఎడమకు పోతుంది. పైగా దానికి మణికట్టు ఉండదు. తలకిందుగా, రొమ్ము కప్పు మీద ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల ధమనిని అలాంటి కడ్డీతో తీసినవాళ్లు లేకపోలేదు గానీ చాలా కొద్దిమంది. రోబో పరికరం కొసకు మణికట్టు ఉంది, తిరకాసు కదలికలను కంప్యూటరు సరిచేసి ఇస్తుంది.

లేనిది స్పర్శ. తాకినట్టు తెలియదు, లాగినంత బిగువు వేళ్లకు అందదు. డావిన్సీ అనే రోబో యంత్రానికి 2024లో అమెరికా అనుమతి పొందిన కొత్త నమూనాలో కొంత తెలిసే ఏర్పాటు వచ్చింది. అంతకు ముందువన్నీ కంటితోనే నడుస్తాయి. పొర ఎంత సాగింది, ధమని రంగు ఎలా మారింది చూసి బిగువు అంచనా కట్టడం సర్జన్ నేర్చుకోవాల్సిందే.

చెయ్యి తిరిగిన సర్జన్‌కు లిమా విడదీయడానికి గంట లోపు పడుతుంది. తరువాత రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించి, లిమా కింది కొస తెంపి, గుండె మీది సంచిని తెరిచి ఎల్‌ఏడీ ఎక్కడుందో చూసుకుంటారు. ఇక్కడితో చాలా చోట్ల రోబో పని అయిపోతుంది! యంత్రాన్ని పక్కకు జరిపేస్తారు. సర్జన్ కన్సోల్ దిగి, చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని బల్ల దగ్గరికి వస్తాడు. ఎడమ రొమ్ము కింద నాలుగైదు సెంటీమీటర్ల కోత పెట్టి, పక్కటెముకల సందులోంచి, కొట్టుకుంటున్న గుండె మీద తన చేతులతోనే కుట్టు వేస్తాడు. గుండె కదలకుండా పట్టుకునేది స్టెబిలైజర్. దాని రెండు కాళ్లకూ చిన్న పీల్చుడు గుంటలుంటాయి, అవి గుండె పైపొరకు అతుక్కుని తపాలాబిళ్లంత మేర మాత్రం నిలకడగా ఉంచుతాయి. చుట్టూ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1990ల నడిమిన తయారైన ఆ సాధనానికి ఆక్టోపస్ అని పేరు పెట్టారు. ఎల్‌ఏడీని నిలువుగా నాలుగైదు మిల్లీమీటర్లు తెరిచి, రక్తం ఆగకుండా లోపల సన్న గొట్టం ఉంచి, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమున్న నీలం దారంతో చుట్టూ కుడతారు. ముడి వేశాక లిమా మీద చిన్న ప్రోబ్ ఆనించి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పారుతోందో కొలుస్తారు. అంకె నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టడమే.

కుట్టు కూడా రోబోతోనే వేసి, ఆ నాలుగు సెంటీమీటర్ల కోత కూడా లేకుండా ముగించే పద్ధతి ఉంది. పారిస్‌లో అలైన్ కార్పెంటియే, దిదియే లుల్మే బృందం 1998లోనే చేసి చూపింది. దాన్ని రోజూ చెయ్యగలవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద కొద్దిమందే. కాబట్టి ఎవరైనా "రోబో బైపాస్ చేయించుకున్నాం" అన్నప్పుడు ప్రాణం నిలబెట్టిన ఆ పది పదిహేను కుట్లు చాలావరకు మనిషి చేత్తోనే, కంటి ఎదుటే పడి ఉంటాయి. ఇందులో తక్కువ చేసి చెప్పడానికేమీ లేదు. లిమాను ఎముక చీల్చకుండా తీసిపెట్టడమే పెద్ద మేలు.

రోబోల కథలో తెలుగువాళ్ల ముద్ర ఒకటుంది, అది గుండె పక్కన కాదు. మిషిగన్‌లో సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో ఎదిగిన రాజ్ వట్టికూటి కుటుంబం 2001లో డెట్రాయిట్ ప్రాంతంలోని రెండు ఆసుపత్రులకు చెరో రెండు కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బుతో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో వెలిసిన వట్టికూటి యూరాలజీ సంస్థలో మణి మేనన్ ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రోబో ఆపరేషన్‌ను రోజువారీ పనిగా మార్చారు. వట్టికూటి ఫౌండేషన్ తరువాత మన దేశంలో సర్జన్లకు శిక్షణనిచ్చే పని తలకెత్తుకుంది. విచిత్రమేమంటే డావిన్సీ యంత్రాన్ని మొదట్లో తయారుచేసినవాళ్ల కన్ను గుండె మీదే. అమెరికాలో యంత్రానికి అనుమతి 2000లో వస్తే, బైపాస్‌లో వాడకానికి 2004లో వచ్చింది. ఢిల్లీ ఎస్కార్ట్స్ ఆసుపత్రిలో నరేశ్ త్రెహన్ 2002లోనే దాన్ని తెచ్చి గుండె మీద వాడారు. అయినా ప్రొస్టేట్, గర్భసంచి ఆపరేషన్లు రోబో వశమయ్యాయి గానీ గుండె కాలేదు. అమెరికాలో కూడా మొత్తం బైపాస్‌లలో రోబోవి నూటికి ఒకటి చుట్టుపక్కలే తిరిగాయి. ప్రొస్టేట్ కొట్టుకోదు. అక్కడ రక్తం కారితే ఆలోచించడానికి కాస్త వ్యవధి ఉంటుంది, గుండె దగ్గర అది లేదు. పైగా సర్జన్ ఒక్కడు నేర్చుకుంటే చాలదు. మత్తు డాక్టరు, బల్ల పక్కన నిలబడే సహాయకుడు, నర్సు, హార్ట్-లంగ్ యంత్రం నడిపే పర్‌ఫ్యూజనిస్టు, అందరూ కలిసి నేర్చుకోవాలి. జట్టులో ఒకరు మారితే సమయం మళ్లీ పెరుగుతుంది. ఖర్చు సంగతి సరేసరి. డావిన్సీ యంత్రం ఒక్కోటీ పది కోట్ల పైమాటే. దాని పరికరాలను ఇన్నిసార్లే వాడాలని ముందే లెక్క పెట్టి ఉంటుంది, ఆ లెక్క యంత్రమే చూసుకుంటుంది.

ఎవరికి పనికొస్తుందన్నది అసలు ప్రశ్న. ఎల్‌ఏడీ ఒక్కటే పాడైతే, లేదా ఎల్‌ఏడీకి లిమా పెట్టి మిగతా ఒకటి రెండు చోట్ల స్టెంటుతో సరిపెట్టుకోగలిగితే, ఇది మంచి దారి. ఈ రెండో ఏర్పాటును హైబ్రిడ్ అంటారు. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎముక గాయం చీము పట్టే భయం తప్పుతుంది, అది చిన్న సంగతి కాదు. రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో పనిలోకి పోయేవాళ్లున్నారు. నొప్పి ఉండదనే మాట మాత్రం నమ్మకండి. పక్కటెముకల మధ్య నరాలుంటాయి, వాటిని ఎడం చేస్తే మొదటి కొన్ని రోజులు బాగానే సలుపుతాయి.

అయిదు చోట్ల గ్రాఫ్టులు కావాల్సినవాళ్లకు, గుండె బాగా నీరసించినవాళ్లకు, గుండెపోటుతో అప్పటికప్పుడు బల్ల ఎక్కాల్సినవాళ్లకు రొమ్ము మధ్య దారే భద్రం. ఒక్క ఊపిరితిత్తితో రెండు గంటలు నెట్టుకురాలేని బీడీ ఛాతీలకూ ఇది కుదరదు. ఇంకో గుంపు ఉంది, మన ప్రాంతంలో మరిచిపోకూడనిది. ఎప్పుడో క్షయ వచ్చి నయమైనవాళ్లు. ఎడమ ఊపిరితిత్తి గోడకు అతుక్కుని ఉంటే గ్యాసు పంపినా చోటు తెరుచుకోదు. యాకొబేయస్‌ను ఇబ్బంది పెట్టిన అతుకులే ఇవి. సీటీ స్కానులో కొంత తెలుస్తుంది, కొన్నిసార్లు కెమెరా లోపలికి వెళ్లాకే బయటపడుతుంది. అందువల్ల "చిన్నప్పుడు ఆరోగ్యవరంలో చూపించుకున్నాం" అన్న మాట రోగి నోట రాకపోతే డాక్టరు అడిగి రాబట్టాల్సిందే. అతుకులు గట్టిగా ఉంటే మధ్యలో పద్ధతి మార్చి ఎముక తెరుస్తారు. అది ఓటమి కాదు. మార్చాల్సినప్పుడు మార్చని మొండి సర్జనే ప్రమాదం. ఆపరేషన్‌కు ముందు డాక్టరును అడగదగ్గవి ఇవి. నాకు ఎన్ని గ్రాఫ్టులు కావాలి, రోబో కోసం వాటిలో ఏదైనా తగ్గిస్తున్నారా, ఇప్పటిదాకా ఎంతమందికి మధ్యలో రొమ్ము తెరవాల్సి వచ్చింది. మూడో ప్రశ్నకు తడుముకోకుండా అంకె చెప్పే డాక్టరు దొరికితే అదృష్టం.

పడమటి మండలాల నుంచి గుండె రోగులు వెళ్లే దారులు అందరికీ తెలిసినవే. మదనపల్లె వాళ్లు చింతామణి, హోసకోట మీదుగా బెంగళూరుకు సుమారు 120 కిలోమీటర్లు పోతారు. కుప్పానికి తిరుపతికంటే బెంగళూరే దగ్గర, రైలూ ఉంది. తిరుపతిలో 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్, వేలూరులో సీఎంసీ, డబ్బు లేనివాళ్లకు పుట్టపర్తిలో 1991 నవంబరు 22న తెరిచిన ఉచిత ఆసుపత్రి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, పేర్లు మారుతూ వచ్చినా, బైపాస్‌ను పేదవాడి చేతికి అందించింది. 2019 నవంబరులో దాన్ని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రులకూ విస్తరించారు. ఇలాంటి పథకాలు కట్టే ప్యాకేజీ మామూలు బైపాస్‌ను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. రోబో పరికరాల ఖర్చు దాని మీద అదనం, అది సాధారణంగా రోగి జేబులోంచి పోవాల్సిందే. మూడు నెలల కూలి పోకుండా ఉంటుంది కదా అని ఆ తేడా పెట్టుకునే కుటుంబాలున్నాయి. ఆ లెక్క వేసి చూడడం తప్పు కాదు. అప్పు చేసి మాత్రం రోబో కోసం పోనక్కర్లేదని నా అభిప్రాయం, చెయ్యి తిరిగినవాళ్లు ఎముక తెరిచి చేసే బైపాస్ ఇప్పటికీ వైద్యంలో అత్యంత నమ్మకమైన ఆపరేషన్లలో ఒకటి.

ఇంకో గందరగోళం తీర్చాలి. రొమ్ములో రాయి పెట్టినట్టు నొప్పొచ్చి చెమటలు పట్టిన రాత్రి కావాల్సింది బైపాస్ కాదు, రోబో అసలే కాదు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్. సుమారు 40 వేల రూపాయల విలువైన టెనెక్టిప్లేస్ అనే ఆ ఇంజెక్షన్‌ను ఏరియా ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి అమల్లోకి వచ్చింది. గ్యాసు అనుకుని సోడా తాగి తెల్లవారేదాకా ఆగినవాడి గుండె కండరం ఆ పాటికే చచ్చి ఉంటుంది. చచ్చిన కండరానికి ఎంత మంచి లిమా పెట్టినా లాభం లేదు.

సర్జన్ దూరంగా కూర్చుని చేసేటప్పుడు ఇంకా దూరంగా ఎందుకు కూర్చోకూడదు? 2001 సెప్టెంబరులో జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయం తీశారు. గుండెకు ఇది మన దేశంలోనే జరిగింది. 2025 జనవరిలో సుధీర్ శ్రీవాస్తవ గురుగ్రామ్‌లో తమ సంస్థ తయారుచేసిన ఎస్‌ఎస్‌ఐ మంత్ర కన్సోల్ ముందు కూర్చుని, 286 కిలోమీటర్ల అవతల జైపూర్‌లో రోగి లిమాను విడదీశారు. చెయ్యి కదిపినదానికీ కొస కదిలినదానికీ తేడా సెకనులో ఇరవై అయిదో వంతు. ఈ యంత్రం డావిన్సీకంటే బాగా చవక కూడా. ఆ వార్త చూసి కుప్పంలోనూ ఇలా చెయ్యొచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. అయితే జైపూర్‌లో రోగి పక్కన పూర్తి సర్జికల్ జట్టు నిలబడి ఉంది. కేబుల్ తెగినా, ధమని చిట్లినా నిమిషాల్లో రొమ్ము తెరవగల సర్జన్, ఒక ఊపిరితిత్తితో నడిపించగల మత్తు డాక్టరు, సిద్ధంగా హార్ట్-లంగ్ యంత్రం, రక్తనిధి, రాత్రంతా చూసే ఐసీయూ అక్కడే ఉండాలి. ఇవన్నీ ఉన్న ఊళ్లో దూరపు సర్జన్‌తో పని తక్కువ. ఈ సదుపాయం నిజంగా అక్కరకొచ్చేది నేర్చుకునేవాళ్లకు. తిరుపతిలో ఒక జట్టు రోబో మీద కొత్తగా చెయ్యి పెట్టినప్పుడు, మొదటి కేసులకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న అనుభవజ్ఞుడు రెండో కన్సోల్ ముందు కూర్చుని, "ఆ కొమ్మ వదిలెయ్, ముందు కిందిది క్లిప్పు పెట్టు" అని చెబుతూ, అవసరమైతే ఆ నాలుగు కదలికలూ తానే చేసి మళ్లీ పగ్గాలు వాళ్లకిచ్చేయొచ్చు.